పట్టినవాని మాట

పల్లెలలో గట్టు తగవులు తీర్చిన పెద్దలకు ఒక సంగతి చక్కగా తెలియును. తగవులో నున్నవాడు తన పక్షమున తానే సాక్ష్యము చెప్పినచో దానిని ఎవ్వరును లెక్కకు గొనరు. ప్రక్కపొలమువారిని పిలుతురు, పాలేరును అడుగుదురు, కరణముగారి పాత లెక్కలు తీయింతురు. వాది చెప్పినది వాదమే గాని సాక్ష్యము కాదు. లోకమర్యాద ఇట్లుండగా, ఒక్క ఆటయందు మాత్రము, తగవు వచ్చినపుడు దానివలన లాభము పొందబోవు వానినే పిలిచి "నిజ మేమి?" అని యడిగి, వాడు చెప్పినదానినే ప్రమాణముగా గైకొనెడి ఆచారము చిరకాలము నడచినది. ఆ ఆట క్రికెట్టు. ఆ ఆచారము ఎట్లు పుట్టి, ఎట్లు నిలిచి, ఎట్లు సడలినదో చెప్పుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

ఈ ఆటను చూచి యెరుగని ఊరు నేడు లేదు. ఐనను ఒక చిన్న వివరము చెప్పక తప్పదు. బ్యాటు పట్టినవాడు కొట్టిన బంతిని, అది నేలను తాకకముందే ఎదిరి జట్టులో నొకడు పట్టినచో కొట్టినవాడు ఔటగును. పట్టిన చేయి నేలకు తగిలినను దోషము లేదు; చేతిలోని బంతి మాత్రము తగులరాదు. చిక్కంతయు ఇందే యున్నది. బంతి గడ్డిమీదుగా జానెడెత్తున దూసికొని వచ్చును. పట్టుటకు నిలిచినవాడు, అనగా ఫీల్డరు, ముందునకు దుమికి వ్రేళ్లను బంతి క్రిందికి చొప్పించును. బంతి క్రింద నున్నవి వ్రేళ్లా, గడ్డియా? ఇది రెప్పపాటులో జరుగు పని. తీర్పరియైన అంపైరు బంతి వేయు కొసన నిలుచును. అచ్చటినుండి బ్యాట్సుమనున్న కొసకు 22 గజములు. స్లిప్పు అను స్థానమున నిలుచు ఫీల్డరు ఆ కొసకును వెనుక మరికొన్ని గజముల దూరమున నుండును. ప్రక్కగా నిలుచు రెండవ అంపైరునకును దూరము తక్కువ గాదు. అంత దూరమునుండి వ్రేలి మందమంత సందు కనబడుట దుర్లభము. తెలిసినవాడు ఒక్కడే. వాడు పట్టినవాడు. వానికి చూపుతో పని లేదు, వ్రేళ్లే చెప్పును.

వ్రేళ్లే చెప్పును అంటిని గాని, అదియు ఎల్లప్పుడును నిజము కాదు. దుమికి పడినవానికి ఆ క్షణమున నేల యేదో బంతి యేదో తెలియకపోవచ్చును. సత్యవంతుడును పొరబడవచ్చును. ఈ సంగతిని మరవరాదు. ముందు ముందు దీనితో పని యున్నది.

క్రికెట్టు పుట్టుకనుండియు పెద్దమనుష్యుల యాట యని మనవారు వినుచు వచ్చిరి. అది సగము మాత్రమే నిజము. ఈ ఆటకు నిబంధనలు మొదట వ్రాతకెక్కినది 1744లో, లండనులో. ఆ కాలమున ఇంగ్లాండులోని ప్రభువులు క్రికెట్టుమీద పెద్ద పందెములు కాయుచుండిరి. సొమ్మున్న చోట తగవుండును. తగవున్న చోట వ్రాత కావలసి వచ్చును. కావున నిబంధనలను వ్రాయించినది ధర్మచింత యొక్కటే యని నేను నమ్మను. 1787లో మేరిల్బోన్ క్లబ్బు ఏర్పడినది. మరుసటి యేట అది తన నిబంధనలను వెలువరించెను. ఆటకు శాసనకర్త్రి నేటికిని అదియే. కాని 1744 నాటి వ్రాతలోనే ఒక విచిత్రమైన మాట యున్నది. ఔటా కాదా యని తేల్చువాడు అంపైరే. ఐనను ఆటగాండ్రలో నొకడు అడిగిననే గాని అతడు ఎవ్వనిని పొమ్మనరాదు. ఆ నియమము నేటికిని మారలేదు. బంతి స్పష్టముగా చేతబడినను, పట్టిన జట్టువారు "హౌజట్?" అని అడుగనిచో అంపైరు పలుకడు.

దీనినిబట్టి మొదటి మాట ఫీల్డరుదే యని తేలుచున్నది. అడుగుటలోనే ఒక సాక్ష్య మిమిడియున్నది. వీడు ఔటైనాడని నాకు తోచినది, కావున అడుగుచున్నాను అని దాని యర్థము. నేలను తాకిన బంతిని పట్టి, తాకినదని యెరిగియు అడిగినవాడు నోట అబద్ధమాడకున్నను అబద్ధమాడినవాడే. ఈ మర్మమును గ్రహించియే పూర్వపు ఆటగాండ్రు ఒక వాడుకను ఏర్పరచుకొనిరి. బ్యాట్సుమన్ వెనుకకు తిరిగి, "పట్టితివా?" యని ఫీల్డరును అడుగును. "పట్టితిని" అని వాడు చెప్పినచో అంపైరువంక చూడకయే బ్యాటును చంకబెట్టుకొని వెడలిపోవును. "లేదు" అన్నచో ఆట సాగును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లాండు పాఠశాలలలో ఈ మర్యాదను పిల్లలకు నూరిపోసిరి. అక్కడినుండియే క్రికెట్టు కాదను మాటకు అధర్మమను అర్థము వారి భాషలో స్థిరపడెను.

అంతమాత్రమున ఆ కాలమువారందరును హరిశ్చంద్రులని తలపరాదు. 1882 ఆగస్టులో లండనులోని ఓవల్ మైదానమున ఆస్ట్రేలియావారితో జరిగిన పోటీలో, జోన్సు అను ఆస్ట్రేలియా యువకుడు పరుగు ముగిసినదనుకొని గీత దాటి వచ్చి నేలను సవరించుచుండగా, ఇంగ్లాండులో మిక్కిలి ప్రఖ్యాతుడైన గ్రేసు వికెట్లను పడగొట్టి వానిని ఔటు చేసెను. నిబంధనప్రకారము తప్పు లేదు. కాని ఆస్ట్రేలియా బౌలరైన స్పాఫర్తునకు ఒళ్లు మండెను. గెలుచుటకు 85 పరుగులు మాత్రమే కావలసిన ఇంగ్లాండును వారు 77కే పడగొట్టి 7 పరుగులతో జయించిరి. ఆ రెండు దేశముల పోటీలకు నేటికిని నిలిచియున్న బూడిద పేరు ఆ యోటమినుండియే పుట్టినది.

ఎదిరిపక్షమువాని మాటను నమ్ముట మనకును వింత గాదు. కురుక్షేత్రమున తన కుమారుడు చచ్చెననిన వార్త విన్న ద్రోణుడు దానిని తనవారిని అడుగలేదు. భీముని మాట నమ్మలేదు. శత్రుపక్షమున నున్న ధర్మరాజునే అడిగెను. ఏల? ఆతడు తనకు నష్టము వచ్చినను బొంకడని లోకమెల్ల నెరుగును. ద్రోణుడు నమ్మినది శత్రువును గాదు, అంతవరకు ఆ నోట వెలువడిన మాటల రాశిని. ఆ రాశినుండి ధర్మరాజు ఆనాడు కొంత తీసి వాడుకొనెను. నాలుగంగుళములు నేలకు పైన నడచు అతని రథము ఆ క్షణమున నేలను తాకెనని పురాణము.

ఇక చరిత్రకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1946 నవంబరు చివర, ఇంగ్లాండువారు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున మొదటి టెస్టు ఆడిరి. టెస్టనగా రెండు దేశముల నడుమ దినములతరబడి జరుగు పెద్దపోటీ. యుద్ధకాలమున ఆటలు లేవు. ఆస్ట్రేలియా నాయకుడు బ్రాడ్మను అనారోగ్యముచే క్రుంగియుండెను. మునుపటివలె ఆడగలడా యని అందరికిని సంశయమే. తడబడుచు 28 పరుగులు చేసిన తరుణమున వోసు వేసిన బంతి అతని బ్యాటునకు తగిలి, రెండవ స్లిప్పులోనున్న ఐకిన్ అనువాని చేత బడెను. ఇంగ్లాండువారికి సంశయమే లేదు. బ్రాడ్మను తానే వెడలునని తలచిరి. అతడు కదలలేదు. అప్పుడు అడిగిరి. అంపైరు బోర్విక్ కాదనెను. బ్యాటునకు తగిలిన వెంటనే బంతి నేలను తాకి లేచినదని బ్రాడ్మను విశ్వాసము. నేరుగా వచ్చినదని ఇంగ్లాండువారి విశ్వాసము. ఇంగ్లాండు నాయకుడు హామండు, పరంపర ఆరంభించుటకు ఇది మంచి తీరే యని ఎత్తిపొడుపుగా బ్రాడ్మనుతో ననెనని గ్రంథములలో నున్నది.

బ్రాడ్మను 187 పరుగులు చేసెను. ఆస్ట్రేలియా 645 చేసెను. నడుమ గాలివాన కురిసి నేల చెడిపోగా ఇంగ్లాండు 141కిని 172కిని పడిపోయి, ఒక ఇన్నింగ్సు మీద 332 పరుగులతో ఓడెను. ఆ యోటమినంతటిని ఆ యొక్క బంతికి అంటగట్టుట న్యాయము కాదు. వానకును అందు పాలు గలదు. నేను చెప్పదలచిన దది గాదు. అక్కడ నిద్దరును అబద్ధమాడినట్లు ఎవ్వరును నిరూపించలేదు. ఐకిన్ తన చేతిలోనికి వచ్చినదానిని చూచెను. బ్రాడ్మను తన బ్యాటు క్రిందినుండి పోయినదానిని చూచెను. ఇద్దరు సత్యవంతుల నడుమగూడ తగవు రావచ్చును. అట్టియెడ ఎవరి మాట చెల్లవలెను? ఫీల్డరు మాటయే చెల్లవలెనని నియమమెచ్చటను లేదు. అది మర్యాద మాత్రమే. మర్యాదను పాటింపనివాడు శిక్షార్హుడు గాడు. కాని ఆ వ్యవహారము డెబ్బదియేండ్లు దాటినను మరపునకు రాలేదు.

మన దేశమున జరిగినది మరియొకటి యున్నది. దానిని నేను కొంచెము విస్తరించి చెప్పుదును. 1928లో ఏర్పడిన మన క్రికెట్టు బోర్డునకు యాబదియేండ్లు నిండిన సందర్భమున 1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖెడే మైదానమున ఇంగ్లాండుతో ఒక్క టెస్టు ఏర్పాటు చేసిరి. ఫిబ్రవరి 15న ఆట మొదలైనది. మరునాడు, 16న, సంపూర్ణ సూర్యగ్రహణము. పెద్దలకు ఆ దినము జ్ఞాపకముండును. మధ్యాహ్నవేళ దక్షిణదేశమున చీకటి క్రమ్మినది. హైదరాబాదు సమీపమున జాపాల్-రంగాపూర్ వేధశాలవద్ద శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. ఇండ్లలో అన్నము వండక తలుపులు మూసికొని కూర్చుండినవారును ఎందరో. ఆ దినమున ఆటకును సెలవిచ్చిరి.

గ్రహణము మరునాడు ఇంగ్లాండు కష్టదశలో నుండెను. మనవారు 242 చేసియుండిరి. ఇంగ్లాండు 58 పరుగులకే అయిదుగురను కోల్పోయెను. బోథమునకు తోడుగా వికెట్ కీపరైన బాబ్ టేలరు ఆడుచుండెను. కపిల్ దేవు వేసిన బంతి టేలరును దాటి మన కీపరు చేత బడెను. మనవారు అడిగిరి, అంపైరు వ్రేలెత్తెను. టేలరు వెంటనే కదలలేదు. బంతి బ్యాటునకు తగులలేదని అతని ముఖమే చెప్పుచుండెను. తీర్పు ఐపోయినది, ఎవ్వరును ఏమియు చేయనక్కరలేదు. కాని మన జట్టు నాయకుడు గుండప్ప విశ్వనాథు స్లిప్పులో నిలిచియుండెను. తగులలేదని అతడు ఎరుగును. అంపైరు వద్దకు బోయి తన జట్టు అడిగినదానిని ఉపసంహరించుకొనెను. టేలరును తిరిగి పిలిచిరి.

నాయకుడు అంపైరు సమ్మతితో అట్లు ఉపసంహరింపవచ్చునని నిబంధన యున్నది. ఉన్నను దానిని వాడువారు అరుదు. తరువాత జరిగిన దేమన, టేలరు 43 పరుగులు చేసెను. అతడును బోథమును కలిసి 171 పరుగులు జోడించిరి. బోథము 114 చేసెను. ఇంగ్లాండు 54 పరుగుల ఆధిక్యము పొంది, మనవారిని రెండవమారు 149కే పడగొట్టి, పది వికెట్లతో గెలిచెను. బోథము ఒక్కడే ఆ పోటీలో పదమూడు వికెట్లు తీసెను. మరల పిలువబడిన టేలరే వికెట్ల వెనుక పది క్యాచులు పట్టెను. విశ్వనాథు మన దేశమునకు నాయకత్వము వహించినవి రెండే టెస్టులు, ఇది రెండవది.

ఇట్టివానిని చాదస్తుడనువారు అప్పుడునుండిరి, ఇప్పుడు నున్నారు. తన ఒక్కని యశస్సు కొరకు పదునొకండుగురి గెలుపును ధారపోసెననువారును గలరు. ఆ మాటను నేను తేలికగా త్రోసివేయను. నాయకునికి తన జట్టు ఎడల ఋణమున్నది. కాని నా యెరుకలో, విశ్వనాథు స్లిప్పులో నిలిచి "పట్టితిని" అని చెప్పినచో దానిని సంశయించు బ్యాట్సుమన్ ఆనాటి లోకములో ఉండియుండడు. ఆ మాటకు వచ్చిన విలువ ఆ బొంబాయి మైదానమున చెల్లించిన మూల్యమే.

మద్రాసులో 1987 అక్టోబరు 9న జరిగినది ఇంతకన్న చిన్నది. లెక్క మాత్రము మరింత కఠినమైనది. ప్రపంచకప్పు పోటీలలో ఇండియా, ఆస్ట్రేలియా జట్లు తలపడినవి. డీన్ జోన్సు బంతిని ఎత్తి కొట్టగా అది సరిహద్దువద్ద పడెను. సరిహద్దులోపల నేలను తాకి దాటినచో నాలుగు పరుగులు, తాకక దాటినచో ఆరు. అంపైరు డిక్కీ బర్డు దూరమునుండి చూడజాలక, అక్కడ నున్న మన ఫీల్డరును అడిగెను. అతడు నాలుగనెను. నాలుగే వ్రాసిరి. ఆస్ట్రేలియావారు అది ఆరని మొరపెట్టిరి. రెండు ఇన్నింగ్సుల నడుమ విరామమున మన నాయకుడు కపిల్ దేవును అడుగగా అతడు సమ్మతించెను. ఆస్ట్రేలియా లెక్క 268 నుండి 270 అయినది. మనవారు ఆడి ఆడి, ఒక్క బంతి మిగిలియుండగా 269 వద్ద చివరి వికెట్టును పోగొట్టుకొనిరి. ఓటమి ఒక్క పరుగుతో. కపిల్ సమ్మతింపనిచో గెలుపు మనదే. ఆస్ట్రేలియావారు ఆ యేటి కప్పును గూడ గెలుచుకొనిపోయిరి.

ఇచ్చట నొక స్వవిషయము చెప్పుకొనెదను. నా చిన్ననాడు మా యూరి చెరువు ఎండిన వేసవిలో కొబ్బరిమట్టను బ్యాటుగా చెక్కి ఆడుకొనెడివారము. అంపైరు లేడు. తగవు వచ్చినపుడు "అమ్మతోడు" అని ఒట్టు పెట్టినవాని మాట చెల్లును. ఒకనాడు నాకన్న రెండేండ్లు చిన్నవాడైన పిల్లవాడు కొట్టిన బంతి నా చేతికి రాకముందే బీటలువారిన నేలను తాకినది. నేను ఎరుగుదును. వాడు నావంక చూచి, "అన్నా, పట్టితివా?" యని యడిగెను. అమ్మతోడు పట్టితినంటిని. వాడు మారుమాటాడక మట్టను క్రింద పెట్టి పోయెను. చూచినవాడు మరియొకడుండెను, వాడు అప్పుడేమియు అనలేదు. నాలుగు దినముల తరువాత నేను నిజముగనే, మోచేతులు గీచుకొనిపోవునట్లు పడి, ఒక బంతిని పట్టితిని. ఆ పిల్లవాడే బ్యాటువద్ద నుండెను. వాడు నన్నడుగలేదు. నా ప్రక్కన నిలిచినవానిని అడిగెను. ఆ వేసవి ముగియువరకు నన్ను ఎవ్వరును అడుగలేదు. అది జరిగి అరువదియేండ్లు దాటినది.

మైదానములలో మాత్రము ఇంతలో కొత్త సాక్షి వచ్చి చేరెను. అది టెలివిజను కెమేరా. 1987 డిసెంబరులో మెల్బోర్నులో న్యూజిలాండు ఆటగాడు ఆండ్రూ జోన్సును పట్టితినని ఆస్ట్రేలియా కీపరు డయరు చూపెను. బంతి అతని చేతినుండి జారి నేలను తాకినట్లు కెమేరా చూపెను. డయరు జట్టులో ఎంతో కాలము నిలువలేదు. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బనులో తెర చూచి తీర్పు చెప్పు మూడవ అంపైరు టెస్టులలో మొదటిసారి పనిచేసెను. ఆ తీర్పున మొట్టమొదట ఔటైనవాడు మన సచిన్ టెండూల్కరే. అది పరుగు తీయుటలో ఔటు. అట్టివానికి కెమేరా చక్కగా పనికివచ్చినది. గీత, బ్యాటు, వికెట్లు అన్నియు స్పష్టముగా కనబడును. 2003 సెప్టెంబరులో ముల్తానులో బంగ్లాదేశ్ ఆటగాడు ఆలోక్ కపాలీని పట్టినట్లు చూపిన పాకిస్తాను నాయకుడు రషీద్ లతీఫ్ బంతిని నేలపై జారవిడిచెనని కెమేరా పట్టియిచ్చెను. అతనిని అయిదు పోటీలనుండి బహిష్కరించిరి. ఆ టెస్టును పాకిస్తాను ఒక్క వికెట్టుతో గెలిచియుండెను.

దొంగను పట్టుటకు కెమేరా మంచి సాధనమే. కాని సత్యవంతుని నిలబెట్టుటకు అది అంతగా పనికిరాలేదు. దూరమునుండి, ఎత్తునుండి చూచు కెమేరా ఉన్నదానిని పలకమీద బొమ్మవలె చదును చేసి చూపును. లోతు కనబడదు. వ్రేళ్లకును బంతికిని ముందున్న గడ్డిపోచలు బంతికి తాకినట్లే యుండును. వ్రేళ్లు క్రిందనున్నను బంతి నేలమీద నున్నట్లే తోచును. 2002 నవంబరులో అడిలేడులో ఇంగ్లాండు ఆటగాడు మైకేల్ వాను 19 పరుగులవద్ద నుండగా ఆస్ట్రేలియా ఫీల్డరు లాంగరు ముందునకు దుమికి పట్టితిననెను. పట్టినట్లు అతనికి సంశయము లేదు. మూడవ అంపైరు తెర చూచి, నిశ్చయముగా తెలియదు గనుక ఔటు కాదనెను. వాను 177 చేసెను. లాంగరు మిక్కిలి కోపించెను. ఆ కోపము పరుగులు పోయినందుకే యని నే ననుకొనను. తన మాట ఒక గాజుతెర ముందు తూగలేదని.

ఈ కోపమునుండియే పాత మర్యాదను మరల తెచ్చుకొందమను ఆలోచన ఆస్ట్రేలియా నాయకుడైన రికీ పాంటింగునకు బలపడెను. 2007-08లో మన జట్టు అక్కడికి బోయినపుడు పాంటింగును మన నాయకుడు అనిల్ కుంబ్లేయును ఒక ఒప్పందము చేసికొనిరి. నేలదగ్గర పట్టిన క్యాచులలో సంశయము వచ్చినపుడు ఫీల్డరు మాటయే చెల్లవలెను. చెవికి ఇంపైన ఒప్పందము. రెండవ టెస్టు 2008 జనవరి 2న సిడ్నీలో మొదలైనది.

మొదటిదినముననే ఆస్ట్రేలియా ఆటగాడు సైమండ్సు 30 పరుగులవద్ద బంతిని బ్యాటుతో తాకించి కీపరునకు చిక్కెను. అంపైరు వినలేదు, ఔటీయలేదు. సైమండ్సు నిలిచిపోయి 162 చేసెను. అప్పుడే తాను ఔటైయుండవలసినదని ఆ సాయంత్రము తానే ఒప్పుకొనెను. మనవారు చక్కగా బదులిచ్చిరి. మన హైదరాబాదు లక్ష్మణు 109, టెండూల్కరు ఔటుగాక 154 చేసిరి. ఆస్ట్రేలియా రెండవ ఇన్నింగ్సులో మైకేల్ క్లార్కు ఎదుర్కొన్న మొదటిబంతియే బ్యాటునకు తగిలి నేరుగా స్లిప్పులో ద్రావిడు చేత బడెను. అందరికిని కనబడిన క్యాచు. క్లార్కు మాత్రము కదలక అంపైరు వ్రేలెత్తువరకు నిలుచుండెను. ఇది నిబంధనలకు విరుద్ధము గాదు. తీర్పు అంపైరుదే, బ్యాట్సుమన్ తనంతట తాను పోనక్కరలేదని ఆస్ట్రేలియావారి నియమము. వారిలో గిల్‌క్రిస్టు ఒక్కడు వేరుగా నుండెను. 2003 ప్రపంచకప్పు సెమీఫైనలులో అంపైరు కాదనినను తానే వెడలిపోయినవాడు.

చివరిదినమున మనవారు గెలుపునకు 333 కావలసియుండగా ఓటమిని తప్పించుకొనుటకు ఆడుచుండిరి. గంగూలీ 51 వద్ద కొట్టిన బంతి స్లిప్పువైపు నేలబారుగా పోయెను. దుమికి పట్టినవాడు ఆ క్లార్కే. గంగూలీ కదలలేదు. అంపైరు బెన్సను పాంటింగును అడిగెను. పాంటింగు వ్రేలెత్తి చూపెను. అంపైరును వ్రేలెత్తెను. తెరను అడుగలేదు. ఒప్పందము అక్షరాల నెరవేరినది. ఆట ముగియుటకు కొన్ని నిమిషములు మాత్రమే మిగిలియుండగా క్లార్కే అయిదు బంతులలో మువ్వురను పడగొట్టి, ఆస్ట్రేలియాకు 122 పరుగుల గెలుపును సంపాదించెను. అది వారికి వరుసగా పదునారవ టెస్టు గెలుపు.

రెండు జట్లలో ఒక్కటే ఆటధర్మమును పాటించినదని కుంబ్లే ఆ సాయంత్రము పత్రికలవారితో ననెను. 1933లో అడిలేడులో, ఇంగ్లాండువారు దేహములకు గురిపెట్టి బంతులు వేయుచుండిన కాలమున, ఆస్ట్రేలియా నాయకుడు వుడ్‌ఫుల్ ఇంచుమించుగా ఇదే మాట ననెను. కుంబ్లే మాట ఎచ్చట తగులవలెనో అచ్చటనే తగిలినది. పెర్తులో జరిగిన తరువాతి టెస్టునకు ముందే ఆ ఒప్పందము రద్దైనది. ఆ టెస్టును మనవారు 72 పరుగులతో గెలిచిరి.

క్లార్కు ఆ బంతిని నిజముగా పట్టెనా? ఆ దృశ్యమును నేను పలుమార్లు చూచితిని; నిశ్చయించి చెప్పజాలను. పట్టియుండవచ్చును. నా దృష్టిలో ఆ ఒప్పందము చెడినది ఆ బంతివద్ద గాదు. బ్యాటు చేతనున్నపుడు నిజము చెప్పుట నా పని గాదు, అంపైరు పని యనుచు, బంతి చేతనున్నపుడు నా మాటయే నిజమని నమ్ముడనుట పొసగదు. ఒకే మనిషి ఉదయమున మాటను దాచుకొని సాయంత్రమున మాటను చెల్లింపజూచినచో ఎదిరివాడు ఎట్లు నమ్మును? పాంటింగు ఆలోచన చెడ్డది గాదు. ఐతే దానిని కాగితముమీది కరారువలె చేసికొనవచ్చునని తలచెను. టేలరును వెనుకకు పిలిచిననాడు విశ్వనాథునకు ఎవ్వరితోను ఒప్పందము లేదు.

తరువాత పాలకమండలివారు కొన్నేండ్లు ఒక మధ్యేమార్గము నడిపిరి. మైదానములోని అంపైరు తనకు తోచినది ముందుగా చెప్పి, పిమ్మట తెరను అడుగవలెను. తెర స్పష్టముగా కాదననిచో ఆ తోచినదే నిలుచును. దూరమునుండి కనబడనిదానిని కనబడినట్లు చెప్పుమని అంపైరును నిర్బంధించుట యేమి న్యాయమని అందరును గొణిగిరి. 2023 జూన్ 1నుండి ఆ పద్ధతిని తీసివేసిరి. తీసిన పదియవ దినముననే పరీక్ష వచ్చినది. లండను ఓవల్ మైదానమున ఇండియా, ఆస్ట్రేలియాల నడుమ ప్రపంచ టెస్టు పోటీల తుది ఆట. మన శుభమన్ గిల్లు 18 పరుగులవద్ద నుండగా బ్యాటు అంచుకు తగిలిన బంతిని కామెరాన్ గ్రీను ఎడమచేతితో నేలకు అంగుళపుటెత్తున అందుకొనెను. మూడవ అంపైరు తెరమీద మరల మరల చూచి ఔటనెను. గిల్లు ఆ బొమ్మను లోకమునకు చూపి ఆక్షేపించినందుకు అతని పోటీరుసుములో నూటికి పదునైదు పాళ్లు జరిమానా విధించిరి. గ్రీను తాను పట్టితిననియే చెప్పెను. మనవారు 209 పరుగులతో ఓడిరి. ఇప్పటి పద్ధతిలో పట్టినవాడును కొట్టినవాడును ఒకరితో నొకరు ఒక్క మాటయు మాటాడనక్కరలేదు.